కుడి పక్క పందిరి

గుడివాడ,
ఫిబ్రవరి 6

చి॥ గంగాదేవికి,

వదిన సుబ్బరత్నమ్మ ఆశీస్సులు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసిందేమిటా అని ఆశ్చర్యపోకు. ఫోన్లో నేను నాలుగు మాటలనేసరికి నీకు కుక్కర్ విజిల్ వస్తుంది, పెట్టేస్తావు. ఉత్తరానికి కుక్కర్ అడ్డం రాదు. పైగా ఇక్కడ నా ఫోన్ మోగిందంటే మా కోడలి చెవులు వంటింట్లోంచి హాల్లోకి వచ్చేస్తాయి. అందుకని నువ్వు కూడా ఉత్తరమే రాయి.

విషయానికి వస్తాను. మొన్న మా అబ్బాయి గిరీష్ బందరులో ఏదో ఫంక్షన్‌కి కుర్చీలు దించి, అత్తయ్యని చూసి వద్దామని మీ ఇంటికి వెళ్ళాడట. గేటు ముందు తెల్ల వ్యాను ఉందట. పిల్లల స్కూలు వ్యానేమోనని లోపలికి తొంగిచూస్తే పరుపూ, స్టవ్వూ, చేతులు కడుక్కునే సింకూ, తల దువ్వుకునే అద్దమూ కనబడ్డాయట. "ఎవరిదత్తయ్యా ఇది?" అంటే "నాదేరా" అన్నావట. "ఇందులో ఊళ్ళు తిరుగుతాను, ఎక్కడ బాగుంటే అక్కడ ఆగి వండుకు తింటాను" అన్నావట. వాడు చెప్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి నవ్వాను, అది నాకు అలవాటు కాబట్టి.

మా తమ్ముడు వెంకటపతి పోయి ఏడాది తిరగలేదు. శ్రావణంలో సంవత్సరీకం పెట్టుకుని నువ్వు పరుపేసిన డబ్బాలో షికార్లంటావా? మూడు గదులూ, పైన డాబా ఉన్న ఇల్లు వదిలేసి రోడ్డు పక్కన వండుకు తినేవాళ్ళని మా ఊళ్ళో దిక్కులేనివాళ్ళంటారు. నీకు దిక్కు లేదా? నేను లేనా? పిల్లలకి పాఠాలు చెప్పి చెప్పి అలిసిపోయి ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్నావంటే ఇంటిపట్టున ఉంటావనుకున్నాను. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట.

ఇలాంటి పిచ్చి ఎత్తులు మా తమ్ముడికీ ఉండేవి. ఈము పక్షులు పెంచుతానన్నాడు గుర్తుందా? స్నానాల గదిలో పుట్టగొడుగులు పండిస్తానన్నాడు. నేను మా టెంట్ హౌస్ షాపులో పదిమంది ముందు నవ్వాను కాబట్టి మానేశాడు, మీకు పొలం మిగిలింది. నా నవ్వు మీ ఇంటికి చేసిన మేలు ఇంకెవరూ చెయ్యలేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. ఆ సగం హక్కుతో చెప్తున్నాను, ఆ డబ్బా వదిలించుకో. ఎవరికి ఇవ్వాలో తెలియకపోతే మా గిరీష్‌కి ఇచ్చెయ్యి. పరుపు పీకేసి గుండిగలు వేసుకుంటాడు.

మీ వదిన,
సుబ్బరత్నమ్మ

•

మచిలీపట్నం,
ఫిబ్రవరి 19

వదినగారికి గంగాదేవి నమస్కారాలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి మీ గొంతు వినబడింది. ఫోన్లో ఆ గొంతు వినబడితే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవారు, అది గుర్తొచ్చి మంట తగ్గింది.

బండి ఎవరికీ ఇవ్వను. గుండిగలకి అసలే ఇవ్వను. ఏడాది లోపల ఎక్కడికీ కదలకూడదంటారు. నేను పెళ్ళిళ్ళకి వెళ్ళడం లేదు, గుళ్ళకి వెళ్ళడం లేదు, పేరంటానికి నన్ను పిలిచేవాళ్ళే లేరు. కాలవ గట్టు మీద కూర్చోవడానికి కూడా మైల అడ్డం వస్తుందా వదినగారూ? గట్టుకి ఆ పట్టింపు ఉన్నట్టు లేదు.

నా మీద కోపం ఉన్నా ఒక సాయం చెయ్యండి. ఆ బండికి అన్నీ అమిరాయి గాని నీడ లేదు. పక్కన వేసుకునే పందిరి ఒకటి కావాలి. ఆనింగ్ అంటారట. నాకు మూడు రకాలు కనబడ్డాయి. మొదటిది పొడవాటి రేకు పెట్టెలో చుట్టి ఉంటుంది, హ్యాండిల్ తిప్పితే ఇనప చేతులు చాచుకుంటూ బయటికొస్తుంది. రెండోది మందపాటి కాన్వాస్ గుడ్డ. ఒక అంచు బండికి తగిలించి, రెండో అంచు కర్రల మీద నిలబెట్టి తాళ్ళతో లాగి కట్టాలి. మూడోది మనం ధాన్యం రాశుల మీద కప్పే బరకమే, కాకపోతే నాలుగు కన్నాలు పెట్టి పెద్ద పేరు పెట్టారు.

అన్నయ్యగారు ఉన్నప్పటినుంచీ టెంట్ హౌస్ నడుపుతున్న మీకు తెలియని గుడ్డ ఈ జిల్లాలో లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. బండి పైన కుడి పక్కన, అంటే డ్రైవర్ వైపు, పందిరి తగిలించడానికి కొక్కేలు ముందే బిగించి ఉన్నాయి. వాటికి ఏది సరిపోతుందో చెప్పండి.

మీ మరదలు,
గంగ

•

గుడివాడ,
మార్చి 4

గంగాదేవికి,

అమ్మెయ్యవే తల్లీ అంటే అలంకారం ఎలా చెయ్యాలని అడుగుతావా! నేను జవాబు చెప్తున్నది నువ్వు అడిగావని కాదు. రేపు ఆ గుడ్డ చిరిగి ఎగిరిపోతే "సుబ్బరత్నమ్మ మరదలి పందిరట" అని నలుగురూ నా షాపు వైపు చూస్తారు, అందుకు.

ఆ పెట్టెలో చుట్టుకునేది వద్దు. చేతులు చాచుకుని వస్తుందా? రానీ. నాగాయలంక వైపు సముద్రపు గాలి ఒక్కసారి కిందనుంచి దూరిందంటే ఆ చేతులు విరిగి నీ ఒళ్ళో పడతాయి. గాలి లేచినప్పుడు వదులు చెయ్యడానికి తాడుండాలి. తాడు లేనిదాన్ని నేను పందిరి అనను, గొడుగంటాను. హ్యాండిల్ తిప్పే ఓపిక ఉన్నవాళ్ళకి ముడి వేసే ఓపిక ఉండదా?

బరకం కూడా వద్దు. ఎండలో దాని కింద కూర్చుంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే. ధాన్యానికయితే సరే, ఉక్కపోస్తోందని అది గోల చెయ్యదు.

కాన్వాస్ తీసుకో. లేత రంగు చూసుకో. బయటి కర్రలు పొట్టివి పెట్టు, వాన పడితే నీళ్ళు జారిపోతాయి. రెండు పక్కలా ఒకే ఎత్తు పెట్టావంటే నడుమ చెరువు కడుతుంది, ఏ క్షణాన నెత్తిన పడుతుందో తెలియదు. మూలలకి ఇంకో కుట్టు వేయించు. మూల చిరగని పందిరి ఇంతవరకూ నేను చూడలేదు.

ఇంతకీ ఆ కొక్కేలు బిగించిన మహానుభావుడెవరు? మనం బండి ఎక్కడ ఆపినా రోడ్డుకి ఎడమ పక్కనే కదా ఆపుతాం. ఎడమ పక్క గట్టు ఉంటుంది, కుడి పక్క రోడ్డుంటుంది. కుడి పక్క పందిరి వేస్తే నీడ ఎవరికి? లారీలకా? గిరీష్‌ని అడిగాను. కుడి పక్క వెనక తలుపుకి అలమారు అడ్డం బిగించారట, ఎక్కడం దిగడం ఎడమ పక్కనేనట! వాకిట్లో పెళ్ళి పెట్టుకుని పెరట్లో పందిరి వేసినట్టుంది. మా షాపులో పనికి చేరినవాడికి మొదటిరోజు చెప్తాను, "పందిరి తూర్పుకి తెరవండ్రా" అని. రెండో రోజు "ముందు బుర్ర తెరవండ్రా" అంటాను. నీ బండి మేస్త్రికి రెండో రోజు పాఠం అందినట్టు లేదు.

ఆ సన్నాసి ఫోటో ఉంటే పంపు. పటం కట్టించి షాపులో పెడతాను. పందిరి ఎలా వెయ్యకూడదో పనివాళ్ళు రోజూ చూసి నేర్చుకుంటారు. చదువుకున్నదానివి, ఎవడో ఏదో బిగిస్తే చూస్తూ ఊరుకున్నావు. ఆ కొక్కేలు పీకించి ఎడమ పక్క పెట్టించు. అంతకంటే మంచి పని, బండే వదిలించుకోవడం.

సుబ్బరత్నమ్మ

•

మచిలీపట్నం,
ఏప్రిల్ 11

వదినగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే కాన్వాస్ తీసుకున్నాను. గోధుమ రంగు. మూలలకి రెండో కుట్టు పడింది, బయటి కర్రలు పొట్టివే పెట్టించాను. పరాసుపేటలో కుట్టినాయన "ఇంత తెలిసినవాళ్ళెవరమ్మా మీకు చెప్పింది?" అన్నాడు. మా ఆడపడుచని చెప్పాను. గర్వంగానే చెప్పాను.

కొక్కేలు మాత్రం మార్చలేదు. బండి తయారుచేసిన నాగబాబు కూడా "గంటలో ఎడం పక్కకి మార్చేస్తానండీ మేడమ్‌గారూ, మీరు ఊఁ అనండి చాలు" అంటున్నాడు. ఊఁ అనలేదు. ఎందుకని అడగకండి. అడిగినా ఇప్పుడు చెప్పను.

వచ్చే నెల కృపాకుమారి టీచరూ నేనూ దివిసీమ వెళ్తున్నాం. ఆమె నాతో కలిసి పనిచేసిన మనిషే, అవనిగడ్డ ఆమె పుట్టిల్లు. మీకు చెప్పకుండా వెళ్ళడం ఇష్టం లేక రాస్తున్నాను.

గంగ

•

గుడివాడ,
ఏప్రిల్ 20

గంగాదేవికి,

చెప్పి వెళ్తున్నావు గాని అడిగి వెళ్ళడం లేదు. తేడా నాకు తెలుసు.

సలహా అడగడం, సగం వినడం, మిగతా సగం మీద "అడగకండి" అనడం! ఆ కొక్కేలు ఏమన్నా బంగారు కొక్కేలా? ఎవడో మతిలేనివాడు తప్పు పక్కన బిగించినవాటి మీద నీకంత మమకారమేమిటి? వాడు నీకు చుట్టమా?

మా తమ్ముడు నెమ్మదైనవాడు. కాలవల డిపార్ట్‌మెంట్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ఎండల్లో తిరిగి తిరిగి రిటైరవకుండానే పోయాడు. ఒక్క సుఖం ఎరగడు. వాడు పోయాక నువ్వు నీడలో కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి గుడ్డలు కుట్టించుకుంటున్నావు. అది నాకు మింగుడుపడడం లేదు. ఇంతకాలం వేళాకోళంగా రాశాను, ఇప్పుడు కాదు.

శ్రావణంలో ఆ బండి మీ గేటు ముందు ఉంటే నేను ఆ గడప తొక్కను. తమ్ముడి పేరు మీద పెట్టేదేదో ఇక్కడే పెట్టుకుంటాను. ఆడపడుచు రాని సంవత్సరీకం ఎలా ఉంటుందో బందరంతా చూస్తుంది. ఆ తర్వాత మీ ఇంటికీ మా ఇంటికీ రాకపోకలుండవు. బండి కావాలో నేను కావాలో తేల్చుకో.

సుబ్బరత్నమ్మ

•

పాలకాయతిప్ప, హంసలదీవి,
మే 17

వదినగారికి,

సముద్రం ఒడ్డున కూర్చుని రాస్తున్నాను. మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఇవాళ జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

పొద్దున కోడూరు దాటాక తాటిచెట్ల దగ్గర రోడ్డుకి ఎడమ పక్కన బండి ఆపి పందిరి వేశాం. మీరన్నట్టే అయింది. గుడ్డ సగం రోడ్డు మీదికి వచ్చింది. తీరానికి స్నానాలకి వెళ్ళే ఆటోలూ ట్రాక్టర్లూ హారన్లు కొట్టి కొట్టి చంపారు. ఒకాయన ఆటోలోంచి తల బయటికి పెట్టి "ఏవండీ అమ్మగారూ, రోడ్డు మీ పుట్టింటివారు రాసిచ్చారా అండీ?" అన్నాడు. ఆటో నిండా ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. కృపాకుమారి కూడా నవ్వింది పాపం, "ఎవరండీ ఇటు బిగించిన తెలివైనవాళ్ళు?" అంది. నాకు నవ్వు రాలేదు. పందిరి కిందే కూలబడి ఏడ్చాను. ఆమె భయపడిపోయింది.

ఆమెకి చెప్పాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను. ఆ బండి నేను కొన్నది కాదు. మీ తమ్ముడిది.

రెండేళ్ళు నాగబాబు షెడ్డులో పెట్టి, ఆదివారాలు వెళ్ళి దగ్గరుండి ఒక్కొక్కటీ చేయించుకున్నారు. పులిగడ్డ దగ్గర, నాగాయలంక దగ్గర, ఆయన నీళ్ళు వదిలించిన ప్రతి కాలవ దగ్గరా ఆగాలని ఆయన కోరిక. "జీవితమంతా గట్టు మీద నిలబడ్డాను గంగా, ఒక్కసారి గట్టు మీద నీడలో కూర్చోవాలి" అనేవారు. ఇప్పుడు కాలవలన్నీ కట్టేసి ఉన్నాయి, అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది. అయినా ప్రతి చోటా ఆగుతూ వచ్చాను.

మీకు చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. "అక్క నవ్వుతుంది. అక్క నవ్విందంటే నేనిది పూర్తి చెయ్యలేను" అన్నారు. ఈము పక్షుల సంగతి మీరు నవ్వుతాలుగా రాశారు. ఆ రోజు మీ షాపు నుంచి ఇంటికొచ్చి అన్నం తినలేదాయన. మీ నవ్వు మా పొలాన్ని కాపాడిన మాట నిజమే. ఆ తర్వాత ఆయన ఏ కోరికా పైకి చెప్పని మాట కూడా నిజమే. నాతో కూడా ఈ బండి గురించి తలుపు వేసి మాట్లాడేవారు. మీరు ఉండేది గుడివాడలో, మేం ఉండేది బందరులో. అయినా తలుపు వేసేవారు.

కొక్కేలు బిగించిన మహానుభావుడు ఆయనే. మా ఇల్లు తూర్పు ముఖం కదా. గేటు ముందు బండి ఆపితే కుడి పక్క తూర్పవుతుంది. ఫోన్లో దిక్సూచి పెట్టుకుని, వీధిలో నిలబడి మరీ చూసుకున్నారు. నాగబాబు నెత్తీ నోరూ బాదుకున్నాడు, రోడ్డు మీద పనికిరాదండీ అని. ఈయన ఏమన్నారో నాగబాబు నాకు తర్వాత చెప్పాడు. "పందిరి తూర్పుకి తెరవాలని మా అక్క చెప్తుందయ్యా. అక్కకి తెలియకుండా చేస్తున్న పని, అక్క చెప్పినట్టయినా చెయ్యనీ" అన్నారట. ఆ వారంలోనే పోయారు.

పందిరి కూడా వేశాక బండి తీసుకెళ్ళి మీ షాపు ముందు నిలబెట్టాలనుకున్నారు. "అప్పుడు నవ్వమను" అనేవారు. నవ్విన నాప చేనే పండుతుందంటారు. ఆయన చేను పండే ముందే పోయారు. మిగిలింది ఈ గుడ్డ ఒక్కటే. అది మీ చేత ఎంపిక చేయించాలని అడిగాను. అంతకంటే వేరే ఉద్దేశం లేదు.

ఆ సన్నాసి ఫోటో పంపమన్నారు. పంపక్కర్లేదు వదినగారూ. మీ షాపులో, మీ కుర్చీ పైన గోడకి, దండ వేసి ఉంది.

ఒట్టు తప్పాను. బండి కావాలా మీరు కావాలా అన్నారు. నాకు రెండూ కావాలి, ఎందుకంటే ఆయనకి రెండూ కావాలి. రాకపోకలు వద్దంటే మీ ఇష్టం. బండి మాత్రం గేటు ముందే ఉంటుంది.

గంగ

•

గుడివాడ,
జూన్ 9

గంగా,

నీ ఉత్తరం షాపులో చదివాను. చదివాక కుర్చీ గోడకి దూరంగా జరుపుకున్నాను. గిరీష్ "ఏమైందమ్మా?" అంటే కంట్లో దుమ్ము పడిందన్నాను. నమ్మలేదు వాడు.

వెధవ. అరవై ఏళ్ళ వెధవ. బండి కదిలితే తూర్పు కూడా మారుతుందని తెలియదా వాడికి? జిల్లాలో ఏ కాలవ ఎటు పారుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు! పందిరి తూర్పుకి తెరవమన్నానే గాని, చక్రాలున్న పందిరికి కూడా చెప్పానా? దిక్సూచి పెట్టుకున్నాడట దిక్సూచి. అది చదివినచోట నవ్వాను గంగా. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాను.

వాడు పోయిన రోజున నేను ఏడవలేదు, నువ్వు చూశావు కదా. షామియానా ఎటు కట్టాలి, కుర్చీలు సరిపోతాయా, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళున్నాయా అని తిరుగుతూనే ఉన్నాను. పరాయివాళ్ళ ఇంట్లో ఎలా తిరుగుతానో అలాగే తిరిగాను. చేతిలో పని లేకపోతే ఏమైపోతానో అని భయం. ఇప్పుడు పది రోజులనుంచీ ఏడుస్తున్నాను. చచ్చిపోయాడని కాదు, నాకు చెప్పలేదని. నా తమ్ముడు నాకు భయపడి తలుపు వేసుకున్నాడని.

నీ మీద కూడా కోపంగానే ఉంది. ఒట్టు పెట్టాడని నువ్వు ఊరుకుంటావా? వాడు బతికున్నప్పుడే ఎవరికీ తెలియకుండా నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయేది? నవ్వేదాన్ని. నిజమే, తప్పకుండా నవ్వేదాన్ని. కాని నవ్వుతూనే గుడ్డ నేనే కుట్టించేదాన్ని. అది వాడికి తెలియలేదు. నీకూ తెలియలేదు. నేను ఎవరికీ తెలియనివ్వలేదేమో.

ఆ కొక్కేలు ముట్టుకోకు. నాగబాబుని కూడా ముట్టుకోనివ్వకు. వచ్చే ఆదివారం బండి తీసుకుని గుడివాడ రా, కృపాకుమారి టీచర్ని కూడా తీసుకురా. నేరుగా షాపు ముందుకి వచ్చెయ్యి, ఎటు మొహంగా నిలబెట్టాలో నేను చూసుకుంటాను. పందిరి నా చేత్తో కడతాను. మీ ఇద్దరూ కట్టిన ముడులు ఎలా ఉంటాయో ఊహించగలను.

గుడ్డ రోడ్డు మీదికి వస్తుందని సంకోచపడకు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరి పెళ్ళికయినా, ఎవరి చావుకయినా రోడ్డుకి అడ్డంగా పందిరి వేసినదాన్ని. బస్సులు సందుల్లోంచి తిరిగి వెళ్ళాయి గాని, సుబ్బరత్నమ్మ పందిరి తియ్యమన్నవాడు లేడు. మా తమ్ముడి కోసం ఒక పూట రోడ్డు మూస్తాను. ఎవడు హారన్ కొడతాడో, ఎవడు నవ్వుతాడో నేనూ చూస్తాను.

మీ వదిన,
సుబ్బరత్నమ్మ